ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలాక: ఎదురుచూపుల కాలంలో చేయవలసినవి – చేయకూడనివి

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి చికిత్స మొదలయ్యే రోజు దాకా కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. బయాప్సీ గాయం మానాలి, స్కానింగుకు తేదీ దొరకాలి, ఆరోగ్యశ్రీ అనుమతి రావాలి, ఆపరేషనా రేడియేషనా అన్నది డాక్టర్లు తేల్చాలి. ఈలోగా రోగికి కంటిమీద కునుకుండదు. ఇంట్లోవాళ్లకు కాలూ చెయ్యీ ఆడదు. లోపల జబ్బు పూటపూటకీ పెరిగిపోతోందేమోనన్న దిగులు అసలు జబ్బుకంటే ఎక్కువగా మనిషిని కుంగదీస్తుంది.

ఈ దిగులు తగ్గాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఆలస్యాలన్నీ ఒకటి కావు. కొన్ని డాక్టర్లు కావాలనే పెట్టే విరామాలు. కొన్ని వరుసలో నిలబడినందువల్ల వచ్చేవి. కొన్ని మన చేతులారా చేసుకునేవి. వీటన్నిటికీ వేరుగా, ఒక్క పూట కూడా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మీ పరిస్థితి ఇందులో ఏదో తేల్చుకోవాలంటే డాక్టరును ఒక ప్రశ్న అడగాలి: "నా విషయంలో ఎప్పటిదాకా ఆగొచ్చు?" వచ్చిన జవాబును తేదీతో సహా రాయించుకోండి. ఆ తేదీయే మీ గడువు. అది తెలిస్తే ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు గట్టిగా అడగాలో మీకే తెలుస్తుంది.

1. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు

ప్రొస్టేట్ గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. ఇందులో పుట్టే క్యాన్సర్ అందరిలోనూ ఒకే వేగంతో నడవదు. ఆ వేగాన్ని అంచనా కట్టడానికి డాక్టర్లు మూడింటిని కలిపి చూస్తారు: ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పీఎస్‌ఏ అనే ప్రొటీన్ ఎంత ఉంది, బయాప్సీలో కణాల గ్రేడు ఎంత, జబ్బు ఎంత దూరం వెళ్లిందని చెప్పే స్టేజి ఏది.

చేయవలసినవి

• బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు రాసిన వరుసను వెతకండి. "గ్లీసన్ 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2, తీసిన 12 ముక్కల్లో 4 ముక్కల్లో క్యాన్సర్" అని ఉందనుకుందాం. మొదటి అంకె ఎక్కువగా కనిపించిన కణాల తీరును చెబుతుంది, రెండోది దాని తర్వాత కనిపించిన తీరును. అందుకే 3+4లోనూ 4+3లోనూ మొత్తం 7 వచ్చినా, 4 ముందున్నది కాస్త దూకుడైన రకం. దాన్ని గ్రేడ్ గ్రూప్ 3 అంటారు.

• మీది ఏ రిస్కు వర్గమో అడగండి. స్థూలంగా, పీఎస్‌ఏ 10 లోపు ఉండి, గ్లీసన్ 6 ఉండి, గడ్డ చిన్నదైతే తక్కువ రిస్కు. పీఎస్‌ఏ 20 దాటినా, గ్లీసన్ 8 లేదా అంతకుమించి ఉన్నా, జబ్బు గ్రంథి పొర దాటినా ఎక్కువ రిస్కు. మిగిలినవి మధ్యస్థం. ఎంతకాలం ఆగవచ్చన్నది ఈ వర్గాన్ని బట్టే ఉంటుంది.

• బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు ఎక్కడున్నాయో తెలుసుకోండి. ఇంకో ఆసుపత్రికి వెళితే అక్కడి పాథాలజిస్టు వాటిని మళ్లీ చూడాలంటారు. ముందే అడిగి తెచ్చుకుంటే ఒక వారం కలిసొస్తుంది.

• పాత పీఎస్‌ఏ రిపోర్టులు ఉంటే అన్నీ బయటికి తీసి తేదీల వరుసలో పెట్టండి. ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తే తెలియని విషయం, అది ఎంత త్వరగా పెరిగిందో చూస్తే తెలుస్తుంది.

చేయకూడనివి

• గ్లీసన్ 6 అనగానే పదికి ఆరు వచ్చింది, జబ్బు సగం దాటిపోయిందని బెంబేలెత్తకండి. బయాప్సీలో క్యాన్సర్ అని రాసే స్కోర్లలో ఇప్పుడు 6 అన్నిటికంటే తక్కువది.

• గ్రేడు 4 అన్న మాట విని స్టేజి 4 అనుకోకండి, చుట్టాలకు అలా చెప్పకండి. గ్రేడు కణాల స్వభావం, స్టేజి జబ్బు పాకిన దూరం. రెండూ వేర్వేరు.

• "కత్తి తగిలితే పాకుతుంది", "ముక్క తీయబట్టే ఇంతయింది" అన్న మాటలు నమ్మి తర్వాతి పరీక్షలు మానుకోకండి. ప్రొస్టేట్ బయాప్సీ వల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది అపోహ.

2. ఆగితే ఏమవుతుందో తెలుసుకోవడంలో

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. గ్రంథి దాటని ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 50–69 ఏళ్ల మగవారు 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు వెంటనే ఏ చికిత్సా లేకుండా క్రమం తప్పని పరిశీలన. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టులో చూసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి సుమారు ముగ్గురే. అయితే పరిశీలన జట్టులో జబ్బు దూరానికి పాకినవారు నూటికి 9 మందికి పైగా ఉన్నారు. మిగతా రెండు జట్లలో ఇది 5 దగ్గర ఆగింది. పరిశీలనలో ఉన్నవారిలో పదిమందికి ఆరుగురు చొప్పున ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకోవలసి వచ్చింది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తున్నాయి. గ్రంథి లోపలే ఉన్న, దూకుడు లేని జబ్బులో కొన్ని వారాల ఆలస్యం వల్ల ప్రాణం మీదికి రాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయడం కూడా కుదరదు. తక్కువ రిస్కు ఉన్నవారికి ఇప్పుడు డాక్టర్లే "యాక్టివ్ సర్వైలెన్స్" సూచిస్తున్నారు. అంటే ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, మధ్యమధ్య ఎమ్మారై, డాక్టరు చెప్పిన సమయానికి మళ్లీ బయాప్సీ చేస్తూ, జబ్బు కదిలితేనే చికిత్సకు వెళ్లడం. ఆపరేషన్ వల్ల, రేడియేషన్ వల్ల మూత్రం, అంగస్తంభన విషయాల్లో వచ్చే ఇబ్బందులు అనవసరంగా నెత్తిన పడకూడదనే ఈ పద్ధతి.

చేయవలసినవి

• "నాకు చికిత్స ఆలస్యమవుతోందా, లేక ఇప్పుడు అక్కర్లేదనే ఆగుతున్నామా?" అని సూటిగా అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

• పరిశీలనలో పెడితే రాబోయే ఏడాదిలో ఏ నెలలో ఏ పరీక్షో కాగితం మీద రాయించుకుని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

• ఎక్కువ రిస్కు ఉండి రేడియేషన్‌కు తేదీ దూరంగా ఉంటే, ఈలోగా హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టవచ్చా అని అడగండి. ఇలాంటివారికి రేడియేషన్‌కు ముందు కొన్ని నెలలు ఈ మందు ఇవ్వడం ఎలాగూ పద్ధతే. అప్పుడు ఎదురుచూసే రోజులు కూడా చికిత్సలో భాగమే అవుతాయి.

చేయకూడనివి

• పక్కింటాయనకు నాలుగు రోజుల్లో ఆపరేషన్ అయిపోయిందని మీ డాక్టరును అనుమానించకండి. ఆయన జబ్బు వేరు, మీ జబ్బు వేరు.

• పరిశీలనలో ఉన్నప్పుడు "నాకేం బాగానే ఉంది" అని పరీక్ష ఎగ్గొట్టకండి. ఈ క్యాన్సర్ తొలి దశలో ఏ బాధా చూపదు. పరీక్షలు మానేసిన రోజున పరిశీలన కాస్తా నిర్లక్ష్యమవుతుంది.

3. పరీక్షల కోసం ఎదురుచూస్తున్నప్పుడు

బయాప్సీ అయిన వెంటనే ఎమ్మారై తీయకుండా కొన్ని వారాలు ఆగమంటారు. సూది గుచ్చిన చోట రక్తం చేరి, బొమ్మలో క్యాన్సరేదో రక్తపు మరకేదో తేల్చడం కష్టమవుతుంది గనుక. ఆపరేషన్‌కు కూడా వాపు తగ్గే దాకా ఆరేడు వారాలు ఆగడం మామూలే. ఇవి కావాలని పెట్టిన విరామాలు.

స్కానింగుల ఆలస్యానికి ఇంకో కారణం ఉంది. పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌కు వాడే గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం బలం ప్రతి 68 నిమిషాలకు సగానికి పడిపోతుంది. దాన్ని దాచిపెట్టి రేపు వాడటం కుదరదు. ఆ రోజు తయారైన మోతాదుతో కొద్దిమందికే చేయగలరు. 10 గంటలకు రావలసిన మనిషి 12 గంటలకు వస్తే ఆయన కోసం సిద్ధం చేసిన మందు సగానికంటే తక్కువకు దిగిపోయి ఉంటుంది. అప్పుడు స్కాన్ ఇంకో రోజుకు వాయిదా పడుతుంది. ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం-99ఎం కాస్త నయం, అది సగానికి తగ్గడానికి 6 గంటలు పడుతుంది.

చేయవలసినవి

• స్కాన్ రోజు గంట ముందే చేరుకోండి. పల్లెల నుంచి హైదరాబాద్, విశాఖ, తిరుపతి వచ్చేవారు వీలుంటే ముందురోజు రాత్రికే వచ్చేయండి.

• రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించి వెంట తెచ్చుకోండి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వాలంటే కిడ్నీల పనితీరు తెలియాలి. అది లేదని వెనక్కి పంపడం తరచుగా జరుగుతుంది.

• గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ఇనుప ప్లేట్లు ఉన్నా తేదీ తీసుకునేటప్పుడే చెప్పండి.

• చీటీలో "పెట్ స్కాన్" అని మాత్రమే ఉంటే, పీఎస్‌ఎంఏ పెట్టా, మామూలు ఎఫ్‌డీజీ పెట్టా అని డాక్టరును అడిగి రాయించుకోండి. ప్రొస్టేట్ క్యాన్సర్‌ను తొలిసారి అంచనా వేయడానికి ఎఫ్‌డీజీ సాధారణంగా అంతగా పనికిరాదు.

• పీఎస్‌ఏ ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అంకె కాస్త మారుతుంది, ఆ తేడా చూసి అనవసరంగా హడలిపోతాం.

చేయకూడనివి

• మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, మూత్రానికి గొట్టం వేసిన కొత్తలో పీఎస్‌ఏ చేయించకండి. జబ్బు పెరగకపోయినా అంకె పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు సంభోగానికి, ఎక్కువసేపు సైకిలు తొక్కడానికి దూరంగా ఉండండి.

• ప్రొస్టేట్ వాపుకు ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి దాచకండి. ఆరు నెలలకు పైగా వాడినవారిలో ఇవి పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గిస్తాయి. రిపోర్టులో 4 ఉంటే అసలు అంకె 8 కావచ్చు.

• ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులను బయాప్సీ కోసమో ఆపరేషన్ కోసమో మీ అంతట మీరు ఆపకండి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో గుండె డాక్టరు చెప్పాలి.

4. అనుమతులు, డబ్బు, మంచిరోజులు

చేయవలసినవి

• తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స తీసుకోవాలనుకుంటే, ఆసుపత్రిలో అడుగుపెట్టిన రోజే ఆరోగ్యమిత్ర కౌంటరుకు వెళ్లండి. మీరు వెళ్లిన ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో, మీకు చెప్పిన చికిత్స అందులో వస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

• ముందస్తు అనుమతికి పంపిన తేదీ, కేసు నంబరు రాసుకోండి. రోజులు గడుస్తున్నా జవాబు రాకపోతే "ఏ కాగితం తక్కువైంది?" అని అడగండి. చాలాసార్లు ఆగిపోయేది బయాప్సీ రిపోర్టు కాపీ సరిగా కనపడకనో, కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం వల్లనో. పేర్ల తేడా ఉంటే ఎదురుచూసే రోజుల్లోనే సరిచేయించండి.

• 70 ఏళ్లు దాటినవారైతే ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి కూడా ఆరోగ్యమిత్రను అడగండి.

• అన్ని కాగితాలూ ఒకే ఫైలులో పెట్టి, మొదటి పేజీ మీద ఇవి రాయండి: పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, బయాప్సీ తేదీ, గ్లీసన్, పీఎస్‌ఏ, ఉన్న ఇతర జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు, డాక్టరు చెప్పిన గడువు. కొత్త డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు రెండు నిమిషాల్లో మీ కథ అంతా ఆ పేజీ చెప్పేస్తుంది.

• చికిత్స ఎంపికలో సందేహముంటే రెండో అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్ చేసే యూరాలజిస్టును, రేడియేషన్ ఇచ్చే డాక్టరును ఇద్దరినీ కలవడం మంచిది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఇందుకు అందుబాటులో ఉన్నాయి. అయితే గడువు లోపలే ఈ పని ముగించుకోండి.

చేయకూడనివి

• ఏ చికిత్సో తేలకముందే పొలం బేరం పెట్టకండి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేకండి. అవసరమయ్యే సొమ్మెంతో తెలియకుండా భయంతో చేసిన అప్పు జబ్బు నయమయ్యాక కూడా వెంటాడుతుంది.

• మూఢం వెళ్లాక చూద్దాం, మనవరాలి పెళ్లయ్యాక చూద్దాం అని మీలో మీరే నిర్ణయించుకోకండి. ఆ మాట డాక్టరుతో చెప్పండి. గడువు లోపల కుదిరితే మంచిరోజు చూసుకోవడంలో తప్పులేదు. గడువు దాటిపోయేట్టుంటే డాక్టరు ఇచ్చిన తేదీకే వెళ్లాలి.

• నాలుగు ఆసుపత్రుల్లో ఒకేసారి పేరు రాయించుకుని అన్నిచోట్లా అవే పరీక్షలు చేయించుకోకండి. డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది, ఎవరి మాట వినాలో తెలియక మతీ పోతుంది.

5. ఒంటిని సిద్ధం చేసుకోవడంలో

ఎదురుచూసే రోజుల్లో మీ చేతుల్లో ఉన్న పని ఇదే. ఇక్కడ పడే శ్రమ చికిత్స తర్వాత కోలుకోవడంలో కనిపిస్తుంది.

చేయవలసినవి

• బీడీ, సిగరెట్, ఖైనీ ఇవాళే మానండి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు పొగ మానినవారిలో గాయం మానడం, ఊపిరి ఆడటం మెరుగ్గా ఉంటాయి.

• రోజూ అరగంటైనా నడవండి. నడిస్తే కండ బలపడుతుంది, నిద్ర పడుతుంది, దిగులు తగ్గుతుంది.

• మూత్రాన్ని బిగబట్టే కండరాలకు వ్యాయామం నేర్చుకోండి. కీగల్ అంటారు. మూత్రం మధ్యలో ఆపినట్టుగా ఆ కండరాన్ని బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, వదలాలి. కూర్చున్నా పడుకున్నా చేయవచ్చు. ఆపరేషన్ తర్వాత మూత్రం కారడం తొందరగా అదుపులోకి రావడానికి ఇది సాయపడుతుంది. ఏ కండరమో గుర్తు తెలియడానికి ఒకటి రెండుసార్లు తప్ప నిజంగా మూత్రం పోసేటప్పుడు దీన్ని సాధన చేయకండి.

• షుగరు, బీపీ అదుపులో పెట్టుకోండి. షుగరు ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేయడం మామూలు. ఆ వాయిదా మనం తప్పించుకోగలిగినది.

• పళ్ల డాక్టరుకు చూపించుకోండి. జబ్బు ఎముకలకు పాకినవారికి ఇచ్చే జోలెడ్రానిక్ ఆమ్లం, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదముంది. పీకవలసినవి ముందే పీకించుకోవాలి.

• హార్మోన్ చికిత్స ఎక్కువకాలం ఉంటుందంటే ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ గురించి, క్యాల్షియం, విటమిన్ డి గురించి అడగండి.

చేయకూడనివి

• హార్మోన్ ఇంజెక్షన్‌కు ముందూ, ఇచ్చిన కొత్తలోనూ వాడమన్న బైకాలుటమైడ్ మాత్రలు మరిచిపోకండి. ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు మొదటి వారం పది రోజులు పురుష హార్మోనును పెంచి, ఆ తర్వాతే తగ్గిస్తాయి. ఆ పెరుగుదల చేటు చేయకుండా ఈ మాత్రలు అడ్డుపడతాయి. తర్వాతి ఇంజెక్షన్ తేదీనీ దాటనివ్వకండి.

• రేడియేషన్ మొదలయ్యాక మధ్యలో మానకండి. ఊళ్లలో కరెంటు పెట్టడం అనే ఈ చికిత్స ఇప్పుడు చాలాచోట్ల 20 సిట్టింగుల్లో, నాలుగు వారాల్లో పూర్తవుతోంది. పొలం పనులు, శుభకార్యాలు చికిత్స మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

• నాటుమందులు, "ప్రొస్టేట్ పౌడర్లు" రహస్యంగా మింగకండి. అమెరికాలో పీసీ-స్పెస్ అనే మూలికల గుళిక ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మందుగా పేరు తెచ్చుకుంది. వాడినవారిలో పీఎస్‌ఏ తగ్గింది కూడా. పరీక్షిస్తే అందులో కృత్రిమ ఈస్ట్రోజెన్, రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ దొరికాయి. 2002లో దాన్ని మార్కెట్టు నుంచి తీసేశారు.

• మంచిదేగదా అని విటమిన్ ఇ మాత్రలు వేసుకోకండి. 35 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన మగవారి మీద జరిగిన సెలెక్ట్ అధ్యయనంలో, రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది.

6. మనసు, ఇల్లు

గది బయట డాక్టరును పట్టుకుని "నాన్నకు చెప్పొద్దండీ, తట్టుకోలేడు" అని బతిమాలే కొడుకులు, కూతుళ్లు మన దగ్గర ఎందరో. ప్రేమతోనే ఆ మాట అంటారు. కానీ ఆ నాన్న అప్పటికే అందరి మొహాలూ చదివేసి ఉంటాడు. తనకు తెలిసిందని పిల్లలకు చెప్పడు, పిల్లలు ఆయనకు చెప్పరు. ఒకే ఇంట్లో ఉండి ఎవరి భయం వాళ్లు ఒంటరిగా మోస్తారు. పైగా ఆపరేషనా, రేడియేషనా, పరిశీలనా అన్నది ఎంచుకోవలసింది ఆయనే. మూత్రం సంగతి, సంసారం సంగతి ఆయన శరీరానికి సంబంధించినవి. విషయం తెలియనివాడు ఏం ఎంచుకోగలడు?

చేయవలసినవి

• పెద్దాయనకు నిజం చెప్పండి, నెమ్మదిగా, ఆయన అడిగినంత మేర. "ఇది క్యాన్సరే నాన్నా, కానీ నెమ్మదిగా నడిచే రకమంటున్నారు, వైద్యం ఉంది" అన్న మాట ఆయన్ను కూలదోయదు, నిలబెడుతుంది. ఏ రకమో తేలకపోతే అదీ ఉన్నదున్నట్టు చెప్పండి.

• డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు భార్యను కూడా తీసుకెళ్లండి. చికిత్స తర్వాత దాంపత్యంలో వచ్చే మార్పులు ఇద్దరివీ. సిగ్గుపడకుండా అడగండి. అంగస్తంభన లోపానికి కూడా వైద్యం ఉంది.

• చుట్టాల ఫోన్లకు జవాబు చెప్పడానికి ఇంట్లో ఒకరిని పెట్టండి. పదిమందికి పదిసార్లు అదే కథ చెప్పే పని రోగికి వద్దు.

• నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలనిపించకపోయినా ఎవరితోనైనా మాట్లాడండి. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

• 45 దాటిన కొడుకులు, తమ్ముళ్లు, అన్నలు పీఎస్‌ఏ గురించి తమ డాక్టరును అడగాలి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ముప్పు సుమారు రెట్టింపు.

చేయకూడనివి

• బీపీ, గుండె మందులు వదిలేయకండి. ప్రొస్టేట్ క్యాన్సర్ అని తెలిసిన తొలి వారాల్లో గుండెజబ్బు మరణాలు, ఆత్మహత్యలు పెరుగుతున్నాయని 2009లో వెలువడిన స్వీడన్ అధ్యయనం చెప్పింది. చికిత్స మొదలుకాని ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

• "ధైర్యంగా ఉండాలి, ఏడవకూడదు" అని ఆయన నోరు నొక్కకండి. మగాడు ఏడిస్తే తప్పేమీ లేదు.

• రాత్రి పన్నెండింటికి ఫోనులో వీడియోలు చూస్తూ కూర్చోకండి. సందేహం నోటుపుస్తకంలో రాసి పెట్టుకుని డాక్టరును అడగండి.

• కంచం, గ్లాసు వేరు పెట్టకండి. మనవలను దూరంగా ఉంచకండి. ఇది అంటుజబ్బు కాదు.

7. ఒక్క పూట కూడా ఆగకూడనివి

డాక్టరు ఇచ్చిన తేదీ ఎప్పుడైనా సరే, కింది లక్షణాలు కనిపిస్తే ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఫైలు వెంట తీసుకెళ్లండి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందన్న మాట మొదటే చెప్పండి.

• బయాప్సీ తర్వాత 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, వణుకు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కినట్టు కావచ్చు. పారాసిటమాల్ వేసుకుని తెల్లారే దాకా చూడవద్దు. మూత్రంలో కొద్దిగా రక్తం నాలుగైదు రోజులు, వీర్యంలో రక్తపు చారలు కొన్ని వారాలు కనిపించడం మాత్రం మామూలే.

• మూత్రం బొత్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బడం, రక్తం గడ్డలుగా పడటం.

• కొత్తగా వచ్చిన, పడుకున్నా తగ్గని తీవ్రమైన నడుము లేదా వెన్ను నొప్పి. దానితోపాటు కాళ్లలో బలం తగ్గడం, నడకలో తూలడం, తిమ్మిరి, మలమూత్రాల మీద అదుపు తప్పడం. జబ్బు వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కుతోందనడానికి ఇవి గుర్తులు. గంటలు గడిచే కొద్దీ కాళ్లలో బలం తిరిగి రావడం కష్టమవుతుంది. వాతమనుకుని నూనె మర్దనా చేయించవద్దు, నడుము లాగించవద్దు.

• గుండెల్లో నొప్పి, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం.

8. చికిత్స అయ్యాక మిగిలే అనిశ్చితి

చికిత్స ముగిసినా ఎదురుచూపు ముగియదు. ప్రతి పీఎస్‌ఏ పరీక్షకు ముందు మళ్లీ అదే గుబులు. ఏ అంకెకు భయపడాలో, ఏ అంకెకు అక్కర్లేదో తెలిస్తే కొంత ఊరట.

చేయవలసినవి

• ఆపరేషన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు పీఎస్‌ఏ దాదాపు కనిపించనంతగా పడిపోవాలి. తర్వాత అది 0.2కు చేరి, మరో పరీక్షలోనూ అలాగే ఉంటే డాక్టర్లు జబ్బు తిరిగి వచ్చిందేమోనని చూస్తారు.

• రేడియేషన్ అయితే పీఎస్‌ఏ నెమ్మదిగా, నెలల తరబడి దిగుతుంది. దిగిన కనిష్ఠ అంకెకు 2 కలిస్తే ఎంతో అది దాటితే ఆలోచించాలి. మీ కనిష్ఠ అంకెను ఫైలులో రాసి ఉంచండి.

• పరీక్ష చేసిన రోజు, ఫలితం వచ్చే రోజు, డాక్టరును కలిసే రోజు వీలైనంత దగ్గరగా ఉండేలా తేదీలు తీసుకోండి. రిపోర్టు చేతిలో పెట్టుకుని చెప్పేవాళ్లు లేక గడిపే రోజులే అన్నిటికంటే కష్టం.

చేయకూడనివి

• రేడియేషన్ తర్వాత రెండు మూడేళ్లలో పీఎస్‌ఏ కాస్త పెరిగి తనంతట తానే దిగడం కొందరిలో ఉంటుంది. ఒక్క రిపోర్టు చూసి జబ్బు తిరగబెట్టిందని తీర్మానించుకోకండి.

• అంకె పెరిగిందన్న భయంతో పరీక్షే మానేయకండి. మళ్లీ వచ్చిన జబ్బుకు కూడా మంచి చికిత్సలున్నాయి. అవి అందాలంటే తొందరగా తెలియాలి.

తర్వాతి ఓపీకి వెళ్లేటప్పుడు

ఈ మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ఒకటి: నాది ఏ రిస్కు వర్గం, ఎప్పటిదాకా ఆగొచ్చు? రెండు: ఈలోగా నేను చేయవలసిన పనేమిటి? మూడు: ఏం కనిపిస్తే తేదీ కోసం చూడకుండా రావాలి, వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? జవాబులు చెప్పకుండా డాక్టరు లేవబోతే, "ఒక్క నిమిషం డాక్టరుగారూ, ఇది రాసుకోవాలి" అని ఆపండి. ఆ నిమిషం అడగడం రోగిగా మీ హక్కు. ఇచ్చిన గడువు దగ్గర పడుతున్నా పిలుపు రాకపోతే ఇంట్లో కూర్చుని కుమిలిపోకండి. ఫైలు తీసుకుని వెళ్లి, ఆ గడువు తేదీ చూపించి అడగండి.